రిపోర్టులోని ఒక్క వాక్యం, బ్యాగులో దాచిన కాగితం

బెంగళూరు రామమూర్తినగర్ నుంచి ఒక తండ్రి రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. వారిది మదనపల్లె దగ్గరి ఊరు. ఉద్యోగరీత్యా పదకొండేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నారు. రెండో తరగతి చదివే వారి ఏడేళ్ళ పాపకు కొన్ని నెలల క్రితం పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. బడికి వెళ్ళడం ఇష్టం లేక అలా చేస్తోందని ఇంట్లో అనుకున్నారు. వీధి చివరి క్లినిక్‌లో గ్యాస్ మందు ఇచ్చారు. అలా నెలన్నర గడిచింది. పాప నడుస్తూ ఒక పక్కకు తూలుతోందని, నోటుబుక్కులో గీతల మీద రాయలేకపోతోందని క్లాసు టీచరు కబురు చేశాక ఎం.ఆర్.ఐ. తీయిస్తే, చిన్నమెదడులో నీటితిత్తితో కూడిన నిమ్మకాయంత గడ్డ కనిపించింది. ఆపరేషన్ జరిగింది. గడ్డను దాదాపు అంతా తీశారు గాని, మెదడు కాండానికి అంటుకొని ఉన్న చిన్న ముక్కను ముట్టుకుంటే ప్రమాదమని వదిలేశారు. బయాప్సీ రిపోర్టులో ‘పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా, డబ్ల్యూహెచ్ఓ గ్రేడు 1’ అని ఉంది; ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గ్రేడులు ఒకటి నుంచి నాలుగు వరకు ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ కణితి దూకుడు ఎక్కువ. దాని కిందే ‘మైక్రోవాస్కులర్ ప్రొలిఫరేషన్ ఉంది’ అని, అంటే సన్నని రక్తనాళాలు గుంపులు గుంపులుగా పెరిగి ఉన్నాయని, మరో వాక్యం ఉంది.

“ఇది మంచి రకం, మూడు నెలలకోసారి స్కాన్ చేసి చూద్దాం” అని సర్జన్ రెండు మాటల్లో చెప్పి పంపించారు. ఆ రాత్రి తండ్రి ఫోన్‌లో వెతికితే, రక్తనాళాలు అలా పెరగడం గ్రేడు 4 కణితికి గుర్తు అని కనిపించింది. అప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. రిపోర్టును ఆఫీసు బ్యాగులో దాచి, భార్యకు “గడ్డ మొత్తం తీసేశారు” అని చెప్పారు. పాపకు రక్తం పట్టాలని అత్తగారు పెడుతున్న దానిమ్మ, ఖర్జూరం, బీట్‌రూట్ ఆపించారు; గడ్డకు రక్తం అందకూడదని ఆయన ఉద్దేశం, కానీ కారణం చెప్పకపోవడంతో ఇంట్లో మాటా మాటా పెరిగింది. రక్తనాళాలను ఎండగట్టే ఇంజెక్షన్ ఒకటి ఉందని ఆఫీసు మిత్రుడు చెప్పారు. ఊళ్ళో స్థలం అమ్మైనా సరే ముంబయి తీసుకెళ్ళాలని, లేదంటే చెన్నైలో ప్రోటాన్ చికిత్స చేయించాలని అన్నయ్య పట్టుపడుతున్నారు. “రక్తనాళాలు పెరిగి ఉంటే నా బిడ్డ ఎన్నాళ్ళు ఉంటుంది? ఆ ఇంజెక్షన్ అడగాలా? నా భార్యకు ఏమని చెప్పాలి?” అన్నవి ఆయన ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన ప్రశ్న మొదటిది కాబట్టి దానికే ముందు జవాబు చెబుతాను. నేను మీ పాపను చూడలేదు, స్కాన్లు చూడలేదు. మీరు రాసిన రిపోర్టు సరైనదే అనుకొని మాట్లాడుతున్నాను. అది సరైనదే అయితే, రక్తనాళాల గురించిన ఆ రెండో వాక్యం మొదటి వాక్యాన్ని రద్దు చేయదు. పాప కణితి గ్రేడు 1 కణితే. మీరు ఫోన్‌లో చదివిన సంగతి కూడా అబద్ధం కాదు, కాకపోతే అది మరో రకం కణితి గురించి రాసినది.

ఎండలో ఆడుకొని వచ్చిన పిల్ల ఒళ్ళూ వేడిగానే ఉంటుంది, జ్వరంతో పడుకున్న పిల్ల ఒళ్ళూ వేడిగానే ఉంటుంది. చేత్తో తాకితే తెలిసేది వేడి ఒక్కటే. ఆ వేడికి అర్థం ఏమిటో ఆ పిల్ల సంగతి తెలిస్తేనే చెప్పగలం. మైక్రోస్కోపు కింద కనిపించే రక్తనాళాల గుంపులు కూడా అలాంటివే. కణితి పేరు ముందు తెలియాలి, ఆ తరువాతే నాళాలకు అర్థం.

కణితికి రక్తనాళాలు ఎందుకు కావాలో కొంచెం వివరంగా చెబుతాను. మీ భయమంతా అక్కడి నుంచే పుట్టింది. ఏ కణమైనా రక్తనాళానికి చాలా దగ్గరగా ఉంటేనే దానికి ప్రాణవాయువు అందుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే కణితికి సొంతంగా రక్తనాళాలు ఉండాలని, అవి రాకుండా ఆపగలిగితే కణితి ఆగిపోవచ్చునని బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రి సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. చుట్టుపక్కల నాళాలను తన వైపు రప్పించుకోవడానికి కణితి విడుదల చేసే ముఖ్యమైన ప్రోటీన్‌ను వీఈజీఎఫ్ అంటారు. పెద్దవాళ్ళలో వచ్చే గ్లయోబ్లాస్టోమా అనే గ్రేడు 4 మెదడు కణితిలో కణాలు ఎంత వేగంగా పెరుగుతాయంటే, నడిమి భాగానికి ప్రాణవాయువు అందక అక్కడి కణజాలం చచ్చిపోతుంది. ఆ కొరత వల్ల వీఈజీఎఫ్ మరింత ఊరి, నాళాలు చిందరవందరగా మొలుస్తాయి. అక్కడ ఆ నాళాలు కణితి దూకుడుకు సాక్ష్యం. అందుకే మెదడులోకి వేళ్ళు దన్నుకొని పోయే ఆ రకం గ్లయోమాలలో, అంటే మెదడుకు ఆసరాగా ఉండే కణాల నుంచి పుట్టే కణితుల్లో, గ్రేడు నిర్ణయించేటప్పుడు ఆ గుంపులను లెక్కలోకి తీసుకుంటారు.

పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా కథ వేరు. ఇది నిదానంగా పెరిగే కణితి. చాలావరకు దీనికి ఒక హద్దు ఉంటుంది. అయినా దీనిలోనూ, ముఖ్యంగా నీటితిత్తి గోడల్లో, మూత్రపిండంలోని కేశనాళికల ముడుల్లాగా కనిపించే నాళాల గుంపులు తరచుగా ఉంటాయి. ఈ నాళాలు గట్టివి కావు, కారుతాయి. ఎం.ఆర్.ఐ.లో మందు ఎక్కించాక గడ్డ తెల్లగా మెరిసిందని చూపించి ఉంటారు, ఆ మెరుపు ఆ కారడం వల్లే. తిత్తిలో నీరు చేరడంలోనూ దానికి భాగం ఉంది. ఇంత జరిగినా గ్రేడు మారదు. పాథాలజీ డాక్టరు ఆ వాక్యాన్ని మిమ్మల్ని హెచ్చరించడానికి రాయలేదు. స్లైడులో కనిపించినదాన్ని నిజాయితీగా నమోదు చేశారు. ఆ పక్కనే ‘ఈ రకం కణితిలో ఇది మామూలే, దీని వల్ల గ్రేడు మారదు’ అని ఒక ముక్క చేర్చి ఉంటే మీకు ఇన్ని రాత్రుల నిద్ర దక్కేది. రిపోర్టులు డాక్టర్ల కోసం రాసుకునేవి. ఈ రోజుల్లో వాటిని ముందుగా చదివేది తల్లిదండ్రులేనని మా వైద్యులం ఇంకా పూర్తిగా గుర్తించలేదు. అందుకు నాకు బాధగా ఉంది.

‘ఎన్నాళ్ళు’ అని అడిగారు. పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా వచ్చిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా పదేళ్ళ తరువాత కూడా బతికి ఉంటారు. చిన్నమెదడులోని గడ్డను పూర్తిగా తీయగలిగితే చాలామందికి మళ్ళీ చికిత్సే అవసరం పడదు. మీ పాపకు ఒక ముక్క మిగిలింది కాబట్టి అది మళ్ళీ పెరిగే అవకాశం, మొత్తం తీసిన పిల్లలకంటే ఎక్కువే. ఈ సంగతి మీ దగ్గర దాచడం సరికాదు. అయితే పెరగడం వేరు, ప్రాణం మీదికి రావడం వేరు. మిగిలిన ముక్క ఏళ్ళ తరబడి కదలకుండా ఉండిపోయిన పిల్లలున్నారు, ఏ చికిత్సా లేకుండానే అది కుంచించుకుపోయిన పిల్లలూ ఉన్నారు. కాబట్టి పాప భవిష్యత్తు గురించి మీరు ఆలోచించవలసింది నాళాల సంగతి కాదు, ఆ ముక్క ఎంత ఉంది, ఎక్కడ ఉంది, కదులుతోందా అన్నది.

పిల్లల మెదడు కణితులన్నిటిలోనూ నాళాల పాత్ర ఒకేలా ఉండదనడానికి మరో ఉదాహరణ చెబుతాను. ఇది మీ పాపకు సంబంధించినది కాదు గాని, మీ మనసులో పడిన ముడిని విప్పుతుందని నా ఆశ. మెడుల్లోబ్లాస్టోమా అనే కణితిలో నాలుగు ప్రధాన రకాలున్నాయి. వాటిలో ‘వింట్’ రకం వచ్చిన పిల్లలు చికిత్సతో నూటికి తొంభై మందికి పైగా కోలుకుంటారు. మెదడులోని మామూలు నాళాలకు రక్తంలోని పదార్థాలను లోపలికి రానివ్వని ఒక అడ్డుగోడ ఉంటుంది. ఈ రకం కణితిలోని నాళాలకు ఆ గోడ సరిగా ఏర్పడదని, అందువల్ల కీమో మందు కణితిలోకి బాగా ఇంకుతుందని ఎలుకలపై చేసిన ఒక పరిశోధన 2016లో చూపించింది. అంటే అక్కడ లోపమున్న నాళాలే పిల్లవాడికి మేలు చేస్తున్నాయన్నమాట. దానికి పూర్తిగా ఎదురుగా, మెదడు కాండంలో పాకే డీఐపీజీ అనే కణితిలో ఆ అడ్డుగోడ చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది, మందులు లోపలికి చేరవు. ఆ కణితి ఇప్పటికీ వైద్యానికి లొంగకపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. ఎపెండిమోమా అనే మరో కణితిలోనైతే నాళాలకంటే, సర్జన్ ఎంతవరకు తీయగలిగారన్నదే ఎక్కువ బరువు తూగుతుంది. సీడీ31, సీడీ34 అనే రంగు పరీక్షలతో నాళాలను లెక్కపెట్టి, ఆ లెక్కనుబట్టి పిల్లల భవిష్యత్తు చెప్పవచ్చునా అని పరిశోధకులు ప్రయత్నించారు. కానీ పిల్లల మెదడు కణితుల చికిత్సను ఆ లెక్కను బట్టి నిర్ణయించడం లేదు.

ఇక ఇంజెక్షన్ సంగతి. మీ మిత్రుడు చెప్పినది బెవాసిజుమాబ్ అయి ఉంటుంది. అది వీఈజీఎఫ్‌ను పట్టి బంధించే మందు. 2004లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కు మొదట అనుమతి పొందింది. పిల్లల్లో కొత్తగా బయటపడిన తీవ్రమైన గ్లయోమాలకు రేడియేషన్, కీమోలతో పాటు దీన్ని కలిపి ఇచ్చి చూసిన ‘హెర్బీ’ అనే పరీక్షలో 121 మంది పాల్గొన్నారు. ఈ మందు చేర్చడం వల్ల వ్యాధి తిరగబెట్టకుండా గడిచే కాలం పెరగలేదని 2018లో ప్రచురితమైంది. నాళాలను కొడితే కణితి చచ్చిపోతుందన్న ఆలోచన వినడానికి ఎంత సూటిగా ఉన్నా, పిల్లల మెదడులో అది అంత సూటిగా పనిచేయలేదు. అలాగని ఈ మందుకు పిల్లల్లో చోటే లేదని కాదు. గ్రేడు 1, 2 కణితులు కంటి నరాల మీద పెరిగి చూపు పోతున్నప్పుడు, మామూలు కీమోకు లొంగనప్పుడు దీన్ని వాడతారు, కొందరికి చూపు మెరుగవుతుంది కూడా. అంటే అవసరం వస్తే తీసుకోవడానికి పెట్టెలో ఉన్న ఒక పనిముట్టు అది.

ఇప్పుడే దాన్ని అడిగితే ఏమవుతుందో కూడా ఆలోచించండి. ఈ మందు గాయం మానడాన్ని మందగింపజేస్తుంది. పెద్ద ఆపరేషన్ తరువాత కనీసం నాలుగు వారాలైనా ఆగి, గాయం పూర్తిగా మానాకే మొదలుపెడతారు. రక్తపోటు పెరగవచ్చు, మూత్రంలో ప్రోటీన్ పోవచ్చు, రక్తస్రావం కావచ్చు. ఇంకో చిక్కు ఉంది: ఈ మందు నాళాల కారడాన్ని ఆపుతుంది కాబట్టి స్కాన్‌లో మెరుపు తగ్గి కణితే తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల కణితి మాత్రం అలాగే ఉండవచ్చు. కదలని ముక్కకు ఈ మందు ఇస్తే, అది తనంతట తాను ఆగి ఉందా, మందు వల్ల మెరుపు తగ్గిందా అన్నది తెలియకుండా పోతుంది. ఇప్పటికి పాపకు ఈ మందు వద్దనే నా అభిప్రాయం. మీ డాక్టరును మాత్రం తప్పక అడగండి, వారు కాదంటే ఎందుకు కాదో చెప్పించుకోండి.

మీ అన్నయ్య మాటలో ఒక సగం నాకు నచ్చింది. రెండో అభిప్రాయం తీసుకోవడం మంచిదే; దానికి పాపను రైలెక్కించవలసిన పనిలేదు, స్థలం అమ్మవలసిన పని అసలే లేదు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి నుంచి స్లైడ్లు, గడ్డ ముక్కలను మైనంలో భద్రపరిచిన బ్లాకులు అడిగి తీసుకోవచ్చు. మీరు ఉన్న ఊళ్ళోనే మెదడు, నరాల జబ్బులకు పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. అక్కడి న్యూరోపాథాలజీ విభాగాన్ని సంప్రదించండి. ముంబయికి పంపాలన్నా ముందు బ్లాకులు పంపితే చాలు. ఇలా చూపించడానికి నేను చెప్పే కారణం ఒక్కటే: పైలోసైటిక్‌ను పోలి ఉండే ఎక్కువ గ్రేడు కణితి ఒకటి ఉంది, ఎక్కువగా పెద్దవాళ్ళలో కనిపించే అరుదైన రకం, 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో చేరింది. మీ పాప వయసుకు, గడ్డ ఉన్న చోటుకు, నీటితిత్తితో ఉన్న దాని ఆకారానికి మామూలు పైలోసైటిక్ అన్న పేరే చక్కగా అమరుతుంది. అయినా అనుభవమున్న మరో కన్ను చూసి అదే మాట చెబితే, మీరు ఆ మాట మీద నిలబడగలుగుతారు.

ఆ సందర్భంలోనే బ్రాఫ్ అనే జన్యువుకు పరీక్ష చేశారా అని అడగండి. చిన్నమెదడులోని పైలోసైటిక్ కణితుల్లో ఎక్కువ వాటిలో ఈ జన్యువు మరో జన్యువుతో అతుక్కొని ఉంటుంది. ఆ అతుకు కనిపిస్తే రోగనిర్ధారణకు బలం చేకూరుతుంది. రేపు ముక్క పెరిగితే ఏ మందు వాడాలో కూడా దాన్ని బట్టే ఆలోచిస్తారు.

ప్రోటాన్ చికిత్స గురించి అన్నయ్యకు ఇలా చెప్పండి. చెన్నైలో 2019 నుంచి ఆ సదుపాయం ఉన్న మాట నిజమే, కానీ ప్రోటాన్ కూడా రేడియేషనే. చుట్టుపక్కల భాగాలకు తక్కువ తగిలేలా ఇచ్చే రేడియేషన్. పాపకు రేడియేషనే అవసరం లేనప్పుడు, మేలైన రేడియేషన్ అవసరం ఎక్కడిది? ఎదిగే మెదడు మీద రేడియేషన్ ప్రభావం చదువు మీద, హార్మోన్ల మీద, కొన్నిసార్లు మెదడుకు వెళ్ళే రక్తనాళాల మీద కూడా ఏళ్ళ తరువాత కనిపిస్తుంది. అందుకే ఈ వయసులో డాక్టర్లు దాన్ని వీలైనంత వెనక్కి నెడతారు. ముక్క పెరిగిందని తేలితే మళ్ళీ ఆపరేషన్ వీలవుతుందా అని మొదట చూస్తారు. వీలుకాకపోతే కార్బోప్లాటిన్, విన్‌క్రిస్టిన్ వంటి కీమో ఉంది, వారానికోసారి ఇచ్చే విన్‌బ్లాస్టిన్ ఉంది, బ్రాఫ్ మార్పును గురిపెట్టే కొత్త మందులూ వచ్చాయి. స్థలం ఉండనివ్వండి. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) కార్డు ఉంటే బెంగళూరులో చెల్లుతుందా, చెల్లితే ఏయే ఆసుపత్రుల్లోనో ఇప్పుడే కనుక్కోండి, అవసరం వచ్చిన రోజు తిరగడం కష్టం.

దానిమ్మ, ఖర్జూరం, బీట్‌రూట్ మళ్ళీ మొదలుపెట్టమని మీ అత్తగారికి చెప్పండి. ఒంటికి రక్తం పట్టడం వేరు, కణితిలో నాళాలు మొలవడం వేరు. తిండి తగ్గించి నాళాలను ఎండగట్టలేం, పాపను మాత్రం నీరసపెడతాం. ఆపరేషన్ నుంచి కోలుకుంటూ, తూలకుండా నడవడం మళ్ళీ నేర్చుకుంటున్న పిల్లకు కడుపునిండా తిండి కావాలి. ఎవరైనా పసుపు మాత్రలో, నాళాలను ఆపుతాయని చెప్పే పొడులో తెచ్చిస్తే డాక్టరుకు చూపించకుండా వేయకండి. కొన్ని రక్తం గడ్డకట్టే తీరును మారుస్తాయి, కొన్ని మందులతో పొసగవు. కూరలో వేసే పసుపుకు ఏ అడ్డూ లేదు.

నెలన్నర ఆలస్యం చేశానని మీరు మూడు చోట్ల రాశారు. పొద్దుటి తలనొప్పినీ వాంతినీ కడుపు జబ్బుగా భావించడం అన్ని దేశాల్లోనూ జరుగుతోంది. బ్రిటన్‌లో 2011లో హెడ్‌స్మార్ట్ అనే ప్రచారం మొదలుపెట్టవలసి వచ్చింది ఈ ఆలస్యాన్ని తగ్గించడానికే. ఇంత నిదానంగా పెరిగే కణితి నెలన్నరలో గ్రేడు మారిపోదు. మీ వల్ల పాప జబ్బు ముదరలేదు.

ఇక మీ భార్యకు చెప్పడం. మీ ఉత్తరమంతా చదివాక నాకు కణితి కంటే ఎక్కువ దిగులు కలిగించింది ఇదే. ఆమెను కాపాడాలనే మీరు దాచారు, ఆ ప్రేమను నేను శంకించను. కానీ మూడు నెలలకు స్కాన్‌కు వెళ్ళినప్పుడు రేడియాలజీ రిపోర్టులో ‘మిగిలిన ముక్క’ అన్న మాట ఉంటుంది, ఆమె దాన్ని చదువుతుంది. అప్పుడు తెలిస్తే ఆమె రెండు సంగతులను ఒకేసారి మోయాలి: గడ్డ కొంత ఉందన్నది ఒకటి, మీరు చెప్పలేదన్నది మరొకటి. అప్పటి నుంచి డాక్టరు చెప్పే మంచి మాటను కూడా, ఇందులో ఇంకేం దాచారోనని ఆమె అనుమానంతోనే వింటుంది. అంతకంటే ముఖ్యంగా, పగలంతా పాప పక్కన ఉండేది ఆమె. పాప నడకలో, చూపులో, మాటలో చిన్న మార్పును మొదట కనిపెట్టగలిగేది ఆమె కళ్ళే. ఏం చూడాలో ఆమెకు తెలియకుండా చేస్తే మీరు పాపకు ఉన్న ఒక కాపలాను తీసేసినట్టవుతుంది.

చెప్పడానికి రెండు దారులున్నాయి. పాప నిద్రపోయాక ఇంట్లోనే మీరిద్దరూ కూర్చొని, రిపోర్టు ఆమె చేతికిచ్చి, “నాకు భయమేసి దాచాను” అని చెప్పడం ఒకటి. దీనిలో ఆమె కోపాన్ని, ఏడుపును మీరు ఒక్కరే ఎదుర్కోవాలి, ఆమె అడిగే వైద్యపరమైన ప్రశ్నలకు మీ దగ్గర జవాబులు ఉండకపోవచ్చు. కానీ ఈ మాట మీ నోటి నుంచే వచ్చిందని ఆమెకు గుర్తుంటుంది. రెండోది, డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళి అక్కడే అంతా వినడం. అక్కడ సరైన జవాబులు దొరుకుతాయి, కానీ పరాయివాళ్ళ ముందు, పది నిమిషాల వ్యవధిలో, ఆమె మొదటిసారి వినవలసి వస్తుంది. నన్నడిగితే, ముందు రోజు రాత్రి ఇంట్లో చెప్పి, మరునాడు ఇద్దరూ కలిసి వెళ్ళడం మేలు. మీ కుటుంబం తీరు మీకే తెలుసు. ఆమెకు తన అమ్మ పక్కన ఉంటే ధైర్యం అనుకుంటే అత్తగారిని కూడా కూర్చోబెట్టండి. పండ్లు ఎందుకు ఆపించారో ఆవిడకూ తెలియాలి కదా.

పాపకు కూడా తన వయసుకు తగినంత చెప్పండి. తలలో ఒక గడ్డ ఉండేదని, డాక్టర్లు చాలావరకు తీశారని, కొంచెం ఉన్నది నిద్రపోతోందో లేదో చూడడానికి అప్పుడప్పుడు ఫొటో తీస్తారని చెబితే ఏడేళ్ళ పిల్లకు అర్థమవుతుంది. “సూది వేస్తారా?” అని అడిగితే, స్కాన్ రోజు వేస్తారని నిజమే చెప్పండి. ఒక్కసారి అబద్ధం చెబితే ప్రతి ఆసుపత్రి రోజూ ఆమెకు భయమే అవుతుంది.

స్కాన్‌లు ఎప్పుడన్నది పక్కన పెడితే, కొన్ని లక్షణాలు కనిపించినప్పుడు అపాయింట్‌మెంటు కోసం ఆగకూడదు. పొద్దుటి తలనొప్పి, వాంతులు మళ్ళీ మొదలైనా, పాప మందకొడిగా మగతగా ఉన్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నాయన్నా, తూలడం తగ్గకపోగా పెరిగినా, తలలో నీరు చేరుతోందేమోనని అనుమానించాలి. కుట్ల దగ్గర తడి, వాపు, జ్వరం కనిపిస్తే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రి అయినా సరే, ఆపరేషన్ చేసిన ఆసుపత్రి అత్యవసర విభాగానికే నేరుగా తీసుకెళ్ళాలి. ఆ విభాగం ఫోన్ నంబరును మీ భార్య ఫోన్‌లోనూ ఈ రాత్రే వేసి పెట్టండి.